తుఫాను హెచ్చరిక ఫోన్‌కి వచ్చింది, నాయనమ్మకి చేరిందా?



ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 2023లో మన దేశంలో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా, ఎప్పుడూ వినని శబ్దంతో మోగాయి, గుర్తుందా? స్క్రీన్ మీద ఎమర్జెన్సీ అలర్ట్ అని పెద్ద మెసేజ్. పూర్తిగా చదివితే ఇది టెస్ట్ మాత్రమే అని ఉంది. అప్పుడు చాలామంది చేసిన పనేంటి? స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టడం, "మీకూ వచ్చిందా?" అని గ్రూప్‌లో అడగడం.

టెస్ట్ కాబట్టి పర్లేదు. కానీ రేపు నవంబర్‌లో నిజమైన అలర్ట్ వచ్చిందనుకోండి. మీరు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉన్నారు. మీ నాయనమ్మ నాగాయలంక దగ్గరో, ఉప్పాడ దగ్గరో, భీమిలి దగ్గరో ఇంట్లో ఒక్కతే ఉంది. ఆవిడ దగ్గరున్నది బటన్ ఫోన్. మెసేజ్ వచ్చినా చదవలేదు. చదివి వినిపించినా మోకాళ్ళ నొప్పులతో నడవలేదు. నడవగలిగినా గేదెని వదిలి రాదు. ఇప్పుడు చెప్పండి, హెచ్చరిక చేరినట్టా, చేరనట్టా?

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం దీని మీదే. తుఫాను వల్ల మనుషులు ఎందుకు చనిపోతారు, ఎందుకు బతుకుతారు, అందులో మన పాత్ర ఏంటి.

ముందు ఒక ఫార్ములా. భయపడకండి, ఇందులో ఇంటిగ్రేషన్ ఏమీ లేదు. విపత్తుల మీద పనిచేసేవాళ్ళు రిస్క్‌ని మూడు ముక్కలుగా చూస్తారు. మొదటిది హజార్డ్, అంటే ముప్పు. తుఫాను, వరద, భూకంపం, పిడుగు ఇవన్నీ. రెండోది ఎక్స్‌పోజర్, అంటే ఆ ముప్పు దారిలో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఇళ్ళు, ఎంత పంట ఉంది. మూడోది వల్నరబిలిటీ, అంటే ఆ దెబ్బ తగిలితే తట్టుకునే శక్తి ఎంత తక్కువుంది అని. పూరిల్లా, డాబా ఇల్లా? మంచాన పడ్డ మనిషి ఉన్నారా? చేతిలో డబ్బు ఉందా?

ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేది రిస్క్. కూడితే కాదండీ, గుణిస్తే. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే కదా. బంగాళాఖాతం మధ్యలో గంటకు 200 కిలోమీటర్ల గాలితో తుఫాను వచ్చి, అక్కడ ఒక్క పడవ కూడా లేకపోతే అది విపత్తు కాదు. వాతావరణ శాఖ రికార్డులో ఒక లైన్, అంతే. అదే తుఫాను మన తీరానికి వస్తే ఎంత నష్టం చేస్తుందన్నది మిగతా రెండు అంకెల మీద కూడా ఆధారపడుతుంది. గాలిని మనం ఆపలేం. ఆ రెండు అంకెల్ని మాత్రం మార్చగలం.

ఇది థియరీ. దీనికి రుజువు మన కృష్ణా జిల్లాలోనే ఉంది.

1977 నవంబర్ 19. దివిసీమ. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే ఈ తేదీ చెప్పేలోపే గొంతు మారిపోతుంది. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. కానీ ఎక్కువమంది చనిపోయింది సుమారు 60 కిలోమీటర్లు ఇవతల, దివిసీమలో. ఎందుకలాగ?

ఉప్పెన వల్ల. ఈ మాట వినగానే మీలో సగంమందికి సినిమా గుర్తొస్తుంది, తెలుసు. కానీ అసలు ఉప్పెన అంటే తుఫాను గాలి సముద్రాన్ని నెట్టుకుంటూ తెచ్చి ఊరి మీద పడేయడం. మన దగ్గర తుఫాను గాలులు గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అందుకే తుఫాను ఎటు వెళ్తోందో అటు తిరిగి నిలబడితే, కుడిచేతి వైపు గాలి సముద్రం నుంచి భూమి మీదకి కొడుతుంది. చీరాలకి కుడిచేతి వైపున్నది దివిసీమ. పైగా కృష్ణా నది సముద్రంలో కలిసే చోట తీరం బల్లపరుపుగా ఉంటుంది, సముద్రం కూడా లోతు తక్కువ. నెట్టిన నీళ్ళు కిందకి జారే చోటు లేక పైకి లేస్తాయి. ఆ రోజు సుమారు 5 మీటర్లు లేచాయి. ఒకటిన్నర అంతస్తు ఎత్తు అనుకోండి. ఒక క్యూబిక్ మీటర్ నీళ్ళు వెయ్యి కిలోల బరువు. అలాంటి గోడ ఒకటి పూరిళ్ళ మీద పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. నిజానికి ఇంకా ఎక్కువే అని అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇప్పుడు 1990 మే 9కి రండి. అదే కృష్ణా తీరం. ఈసారి తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. గాలి బలంలో 1977 నాటిదానికి ఏమాత్రం తీసిపోదు. ఎంతమంది చనిపోయారు? వెయ్యి లోపు. ఆ వెయ్యి కుటుంబాల దుఃఖం చిన్నది కాదు. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య ఉన్న తేడా చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది.

ఈ 13 ఏళ్ళలో ఏం మారింది? 1977లో మనకి సొంత ఇన్సాట్ ఉపగ్రహాలు లేవు. 1980లలో వచ్చాయి. తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. ఉపగ్రహం ద్వారా సైరన్ మోగించి, తెలుగులోనే హెచ్చరిక వినిపించే పరికరాలు తీర ప్రాంతాల్లో పెట్టారు. 1990లో లక్షమందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఇంకొకటి కూడా ఉంది. దివిసీమ జ్ఞాపకం. "కదలండి" అంటే ఎందుకు అని అడిగేవాళ్ళు తగ్గిపోయారు.

ఏ రెండు తుఫానులూ ఒకేలా ఉండవు. ఉప్పెన ఎక్కడ లేచింది, ఎంత లేచింది అనేవి కూడా లెక్కలోకి వస్తాయి. తేడా అంతా షెల్టర్ల వల్లే అని నేను అనను. కానీ ఇదే కథ పక్క రాష్ట్రంలో కూడా జరిగింది. ఒడిశాలో 1999 అక్టోబర్ 29న వచ్చిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది పోయారు. ఆ దెబ్బతో ఒడిశా విపత్తుల కోసమే ఒక ప్రత్యేక సంస్థ పెట్టుకుంది, షెల్టర్లు కట్టింది, ఊరూరా వాలంటీర్లకి ట్రైనింగ్ ఇచ్చింది. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ వచ్చింది. అదీ చాలా బలమైన తుఫానే. ఈసారి దాదాపు పది లక్షలమందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు 50 మంది లోపు.

అలాగని ఒకసారి నేర్చుకుంటే అయిపోయినట్టు కాదు. 1990లో అంత బాగా చేసిన మన దగ్గరే 1996 నవంబర్ 6న కోనసీమ తుఫానులో దాదాపు వెయ్యిమంది చనిపోయారు, ఇంకా ఎందరో గల్లంతయ్యారు. వాళ్ళలో చాలామంది వేటకి వెళ్ళిన మత్స్యకారులు. ఒడ్డున ఉన్నవాడికి చేరిన హెచ్చరిక, నడి సముద్రంలో ఉన్నవాడికి చేరాలి కదా?

ఇప్పుడు మన వాట్సాప్ భాషలో మాట్లాడుకుందాం. మెసేజ్ పంపితే ఒక టిక్. అవతలి ఫోన్‌కి చేరితే రెండు టిక్కులు. చదివితే బ్లూ టిక్. మన తుఫాను హెచ్చరికలు ఈ మూడింటి దాకా బాగానే వచ్చేశాయి. వాతావరణ శాఖ తీరం వైపు వచ్చే తుఫాను గురించి దశలవారీగా చెబుతుంది. సుమారు 72 గంటల ముందు తొలి సమాచారం, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, తీరం దాటడానికి 12 గంటల ముందు లోపలి జిల్లాల పరిస్థితి ఏంటో కూడా. 1977లో ఇంత సమయం దొరికి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలబడేవో ఆలోచించండి. కానీ నాలుగో టిక్ ఒకటుంది. "చదివాడు, లేచాడు, కదిలాడు" అనే టిక్. అది ఏ యాప్‌లోనూ లేదు.

నేను ఐటీలో ఉన్నప్పుడు రాత్రి డ్యూటీలు ఉండేవి. సర్వర్ పడిపోతే డ్యూటీలో ఉన్నవాడికి అలర్ట్ వెళ్తుంది. అలర్ట్ వెళ్ళింది కాబట్టి పని అయిపోయింది అని ఎవరూ అనుకోరు. వాడు "నేను చూస్తున్నా" అని నొక్కాలి. కొన్ని నిమిషాల్లో నొక్కకపోతే ఆటోమేటిక్‌గా తర్వాతి మనిషికి ఫోన్ మోగుతుంది. వాడూ ఎత్తకపోతే మేనేజర్‌కి. ఒక వెబ్‌సైట్ ఆగిపోతేనే ఇంత ఏర్పాటు పెట్టుకుంటాం. మరి ఒక వీధిలో 40 ఇళ్ళు ఉంటే, వాటిలో ఎవరు కదిలారు, ఎవరు కదల్లేదు అని చూసే మనిషి ఎవరు?

ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కున్న దేశం బంగ్లాదేశ్. 1970 నవంబర్‌లో, అప్పటికి అది తూర్పు పాకిస్తాన్, భోలా తుఫానులో 3 నుంచి 5 లక్షలమంది చనిపోయారని అంచనా. స్వాతంత్ర్యం వచ్చాక 1972లో వాళ్ళు రెడ్ క్రాస్‌తో కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఏ ఊరి మనుషులే ఆ ఊరి వాలంటీర్లు. ప్రమాదం పెరిగేకొద్దీ ఊళ్ళో ఒక జెండా, రెండు జెండాలు, మూడు జెండాలు ఎగరేస్తారు. చదువు రాకపోయినా లెక్కపెట్టడం వస్తే చాలు. మెగాఫోన్ పట్టుకుని సైకిల్ మీద గుమ్మం గుమ్మానికీ వెళ్తారు. ఇప్పుడు అలాంటి వాలంటీర్లు 70 వేలకి పైనే.

అయినా 1991లో అక్కడ మళ్ళీ లక్షకి పైగా జనం పోయారు. వాళ్ళలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు చాలా ఎక్కువ. భర్త చెప్పకుండా ఇల్లు ఎలా వదలాలి అని ఆగిపోవడం ఒక కారణం. పదిమంది మగవాళ్ళ మధ్య షెల్టర్‌లో ఎలా ఉండాలి అన్న ఇబ్బంది ఒకటి. పిల్లల్ని చంకన వేసుకుని, చీరతో నీళ్ళలో పరుగెత్తలేకపోవడం ఇంకొకటి. వల్నరబిలిటీ అనే ఇంగ్లీషు మాటకి అసలు అర్థం ఇది. గాలి అందరికీ ఒకేలా వీచింది. ప్రాణం పోవడం మాత్రం ఒకేలా జరగలేదు. ఆ తర్వాత వాళ్ళు షెల్టర్లు పెంచారు, మహిళా వాలంటీర్లని పెంచారు. 2007లో సిదర్ తుఫాను వచ్చినప్పుడు మృతులు సుమారు 3,400. ఇప్పటికీ పెద్ద సంఖ్యే, కానీ లక్షల నుంచి వేలకి దిగింది.

"మాకు సముద్రం దగ్గర్లో లేదు బ్రో, ఈ వీడియో మాకెందుకు?" అనుకుంటున్నారా? మీ కోసమే ఎక్స్‌పోజర్ సంగతి చెప్తా.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీదకి వచ్చింది. ముందస్తు హెచ్చరికల వల్ల ప్రాణనష్టం పదుల్లో ఆగింది. కానీ ఎయిర్‌పోర్ట్ పైకప్పు ఎగిరిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన నష్టం అంచనా 21 వేల కోట్లు దాటింది. ఎందుకంటే తుఫాను దారిలో ఈసారి ఉన్నది ఒక మహానగరం.

2024 సెప్టెంబర్ 1. విజయవాడ. తుఫాను కాదు, ఉప్పెన కాదు, భారీ వర్షం. బుడమేరు పొంగింది. ఈ ఏరు మామూలుగా కొల్లేరులో కలుస్తుంది. వరద ఎక్కువైతే ఒక డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్ళిస్తారు. కానీ అదే సమయంలో కృష్ణకి కూడా రికార్డు వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే నిండుగా ఉంటే కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయి? కట్టలకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు జనం రోజుల తరబడి డాబాల మీద ఉండిపోయారు. పాలు, అన్నం డ్రోన్లతో అందించాల్సి వచ్చింది. బుడమేరు కొత్తగా పుట్టలేదు, 2005లోనూ పొంగింది. మధ్యలో పెరిగింది ఏరు పక్కన మన ఇళ్ళు.

అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద 9 మంది చిక్కుకుపోయారు. గంటలు గడిచినా సాయం చేరలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ఆ నీళ్ళలోకి వెళ్ళి అందర్నీ తీసుకొచ్చాడు. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలి. అది అయ్యాక ఒక్క నిమిషం ఆలోచించాలి కూడా. పెద్ద సాయం వచ్చేలోపు మనకి దిక్కు ఆ వీధిలో ఉన్న మనిషే. ఆ మనిషి ప్రతిసారీ ప్రాణం పణంగా పెట్టి హీరో కావాల్సిన అవసరం రాకూడదు. నీళ్ళు వంతెన ఎక్కకముందే జనం దిగిపోయేలా చూసే ఏర్పాటు ఉండాలి.

సరే, మరి మనం ఏం చేయాలి? అయిదు పనులు చెప్తా. ఒక ఆదివారం సాయంత్రం సరిపోతుంది.

ఒకటి, మీ వీధి లిస్టు. ఊళ్ళో మీ ఇంటి చుట్టూ ఉన్న ఇరవై, ముప్పై ఇళ్ళు చాలు. ఎవరింట్లో నడవలేని పెద్దవాళ్ళున్నారు, ఎవరు నిండు గర్భిణి, ఎవరికి డయాలసిస్, ఎవరికి కళ్ళు కనపడవు. ఒక్కొక్కరి పేరు పక్కన ఇంకొకరి పేరు రాయండి, తీసుకెళ్ళే మనిషి పేరు. ఆ మనిషి ఊళ్ళో లేకపోతే ఎవరు అని రెండో పేరు కూడా. లిస్టు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా ఉండాలి, టవర్ పడిపోతే పనికొచ్చేది అదే. అలాగే అది నలుగురి చేతుల్లోనే ఉండాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ వివరాలు రెండు వందలమంది ఉన్న గ్రూప్‌లో పెట్టే విషయం కాదు.

రెండు, షెల్టర్ ఎక్కడ? మీ ఊరికి ఏది కేటాయించారో సచివాలయంలోనో పంచాయతీలోనో అడగండి. ఒకసారి నడిచి చూడండి. తాళం ఎవరి దగ్గరుంది? నీళ్ళు వస్తున్నాయా? ఆడవాళ్ళకి వేరే బాత్‌రూమ్ ఉందా? దారిలో ముందుగా మునిగే కల్వర్టు ఏది?

మూడు, ఒక్క సంచి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం పాలిథిన్ కవర్‌లో పెట్టాలి. బీపీ, షుగర్ మందులు, టార్చ్, పవర్ బ్యాంక్, మంచినీళ్ళు, కొంత చిల్లర డబ్బు. కరెంటు లేకపోతే యూపీఐ పనిచేయదు మరి.

నాలుగు, హెచ్చరిక అర్థం చేసుకోవడం. వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక కదలమని. టీవీలో "మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక" అని వచ్చేది ముఖ్యంగా ఓడలకీ ఓడరేవులకీ ఇచ్చేది. 10 అంటే మహా ప్రమాదం, 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళ సచేత్ యాప్ పెట్టుకోండి. అత్యవసరానికి 112, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లా కంట్రోల్ రూమ్ 1077. ఇంకో మాట. తుఫాను మధ్యలో గాలి హఠాత్తుగా ఆగిపోతే అయిపోయిందని బయటికి రావద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపట్లో అవతలి దిక్కు నుంచి అంతే గాలి మళ్ళీ కొడుతుంది.

అయిదు, ఇది దూరంగా ఉన్నవాళ్ళకి. హైదరాబాద్, బెంగళూరు, డాలస్ ఎక్కడున్నా సరే. తుఫాను వార్త చూడగానే మనం ఫోన్ చేసి ఏమంటాం? "నాయనమ్మా, జాగ్రత్తగా ఉండు." ఆవిడేమంటుంది? "నాకేం కాదు నాన్నా, నువ్వు అన్నం తిన్నావా?" ఫోన్ పెట్టేస్తాం. ఇద్దరికీ మనసు తేలికపడింది, పని మాత్రం ఏం జరగలేదు. జాగ్రత్త అనే మాటలో ఏం చేయాలో లేదు కదా.

దాని బదులు ఇలా చెప్పి చూడండి. "నాయనమ్మా, నాలుగింటికి పక్కింటి బాబాయి ఆటో తీసుకొస్తాడు. నీ మందుల సంచి, కాగితాల కవరు పట్టుకుని ఎక్కు. గేదెకి పలుపు విప్పి మెరక వైపు తోలమని పిన్నికి చెప్పాను. అయిదింటికి నువ్వు స్కూల్లో ఉన్నావో లేదో బాబాయికి ఫోన్ చేసి కనుక్కుంటాను." టైము ఉంది, మనిషి ఉన్నాడు, గేదె సంగతి ఉంది, మళ్ళీ కనుక్కోవడం ఉంది. నేను ఇందాక చెప్పిన నాలుగో టిక్ అంటే ఇదే. గేదె గురించి ప్రత్యేకంగా ఎందుకు చెప్పానంటే, చాలామంది పెద్దవాళ్ళు కదలనిది మొండితనంతో కాదు. గొడ్లు, ఇంట్లో సామాను, తాళం వేసిన గుమ్మం. వీటికి జవాబు చెప్పకుండా "రా" అంటే ఎలా వస్తారు?

బంగాళాఖాతంలో తుఫానులు ముఖ్యంగా రెండు కాలాల్లో వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఇంకొకటి. అంటే లిస్టు రాసుకోవడానికి ఏటా మనకి ఖాళీ నెలలు ఉంటాయి. తుఫానుకి పేరు పెట్టాక మొదలుపెడితే ఆలస్యమే.

మీ ఊళ్ళో షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో ఈ వారంలో కనుక్కుని, తెలిసిందో లేదో కామెంట్‌లో రాయండి. పేర్లు, నంబర్లు వద్దు, ఊరి పేరు చాలు. ఎన్ని ఊళ్ళు వస్తాయో వచ్చే ఎపిసోడ్‌లో లెక్క చెప్తాను. అప్పటిదాకా సెలవు. ఉంటానండీ.